తొమ్మిది రోజుల గడువు

"మీ నాన్నని నువ్వు తోశావా?"

ముందు టీ ఇచ్చి, కులాసా కనుక్కుని, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చే ఓపిక రైల్వే పోలీసులో ఉన్నప్పుడే నాకు లేదు. రిటైరై, ఈ హిందీ ఊళ్ళో మన తెలుగువాళ్ళ పేట ఖుర్సీపార్‌లో సైకిల్ షాపు మీది గదిలో 'గురునాథరావు, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్నాక అసలే లేదు. ఎదురుగా కూర్చున్న విక్రమ్ తల దించుకున్నాడు. వాడికి ఇరవై ఏడేళ్ళు. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పాసై ఐదేళ్ళయింది. ఉద్యోగం లేదు.

"క్యా అంకుల్, ఏం మాట్లాడుతున్నారు? ఆయన నా బాప్."

"బాప్ అయితే తోయకూడదని చట్టంలో ఉందా? అడిగినదానికి జవాబు చెప్పు."

అది 1996 నవంబరు 21, గురువారం. పొద్దున్న పది దాటి పది నిమిషాలు. రెండు రోజుల కిందట, అంటే మంగళవారం మధ్యాహ్నం, వీడి తండ్రి గోవిందరావు తాను పనిచేసే రోలింగ్ మిల్లులో ఇనప మెట్ల మీంచి పడ్డాడు. కింద గోనెల కట్టలుండబట్టి భుజం బెణికి, పక్కటెముకలు కమిలి, బతికి బయటపడి ఆస్పత్రిలో చేరాడు. ఆ మిల్లు జాముల్ దారిలో ఉంది. పేరు రాయను, అడగొద్దు. అక్కడ యూనియనూ యజమానీ కుదుర్చుకున్న నియమం ఒకటుంది. డ్యూటీలో ప్రమాదం జరిగి మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. రిటైరైతే పూలదండ వేస్తారు. గోవిందరావు రిటైరయ్యేది ఈ నెల ముప్పైన.

అందుకే గోవిందరావు కూతురు నీలిమ నా దగ్గరకొచ్చింది. స్కూల్లో పాఠాలు చెప్పే పిల్ల, ఏడుస్తూ కాదు, లెక్క తేల్చినట్టు చెప్పింది. "ఇంకా తొమ్మిది రోజులున్నాయి అంకుల్. మా అన్నయ్యే తోసుంటే ముప్పయ్యో తారీకు లోపల మళ్ళీ తోస్తాడు. నాన్న బతకాలి. ఎవరు చేశారో తేల్చండి."

"మంగళవారం ఒంటిగంటన్నరకి నువ్వు మిల్లు గేటు దగ్గరున్నావు," అన్నాను విక్రమ్‌తో. "నీకక్కడేం పని?"

"డబ్బా ఇవ్వడానికెళ్ళా. నాన్న అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళిపోయాడు. అమ్మ పంపింది. గేట్ వాలాకి ఇచ్చి, రిజిస్టర్లో సైన్ చేసి వచ్చేశా. లోపలికెళ్ళనే లేదు. జాకే దేఖ్ లో."

"ఇప్పటిదాకా మీ నాన్న డబ్బా ఎన్నిసార్లు మర్చిపోయాడు?"

వాడు ఆలోచించాడు. ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదని మొహమే చెప్పింది. "ఎప్పుడూ లేదు."

"పోయిన నెల మీ పక్కింటి బలరాం మిల్లులో పోయాడు. పన్నెండో రోజు భోజనాల్లో నువ్వొక మాటన్నావట. నీలిమ చెప్పింది. నీ నోటితో వినాలి."

"ఊరికే అన్నా అంకుల్. మజాక్‌లో."

"చావు భోజనాల్లో మజాకా? చెప్పు."

చెప్పడానికి వాడికి రెండు నిమిషాలు పట్టింది. బలరాం కొడుకు చిట్టిబాబు చేతికి అప్పటికే ఉద్యోగం కాగితం వచ్చింది. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా బలరాం భార్య కన్నమ్మ అదృష్టం చెప్పుకుంటున్నారట. మొగుడు పోయిన పన్నెండో రోజున ఆడదాని అదృష్టం! అప్పుడు వీడు అన్నాడు. "పోతే పోయాడు గానీ బలరాం అంకుల్ కొడుక్కి లైన్ సెట్ చేసి పోయాడు. మా బాప్ తీస్ తారీకున దండ వేయించుకుని ఇంటికొచ్చేస్తాడు."

"మీ నాన్న ఎక్కడున్నాడు?"

"పక్క విస్తట్లో."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. 'అవున్రా' అన్నాడు. బస్."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఊళ్ళో అందరికీ అదే లెక్క, ఇదొక్కడి లెక్క కాదని నాకు తెలుసు. అయినా ఎదురుగా దొరికింది వీడు. "నువ్వు తోయలేదురా విక్రమ్. చెయ్యి పెట్టకుండానే పని కానిచ్చావు. నీలాంటి కొడుకు ఉండేకంటే లేకపోవడం నయం," అన్నాను.

తగలాలనే అన్నాను. తగిలింది. వాడు లేచి, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి జరిపి వెళ్ళిపోయాడు. గడియారం పదీ నలభై చూపిస్తోంది.

పదకొండూ ఇరవైకి మిల్లు గేటు దగ్గరున్నాను. గేటు మీద పెద్ద పలక. 'ప్రమాదం లేకుండా 44 రోజులు.' బలరాం పోయిన రోజు నుంచి లెక్క. మొన్న పడ్డ గోవిందరావు ఆ లెక్కలోకి రాలేదన్నమాట. రిజిస్టర్లో విక్రమ్ సంతకం ఉంది, ఒంటిగంటన్నర. లోపలికి పోలేదని గేటు మనిషి ఒట్టేసి చెప్పాడు. అడుగు పెడితే పేరు వేరే పుస్తకంలో ఎక్కాలి, ఎక్కలేదు. తోసిన చెయ్యి కొడుకుది కాదు.

సెక్యూరిటీ ఆఫీసరు సతీష్‌కుమార్ నా కోసమే కాచుకున్నట్టు ఎదురొచ్చాడు. రైల్వే పోలీసులో వాడు నా కింద ఆరేళ్ళు పనిచేశాడు. ఈ మిల్లు ఉద్యోగానికి ఇద్దరం దరఖాస్తు పెట్టాం, వాడికొచ్చింది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తం, ఎప్పుడూ మర్చిపోం.

"గోవిందరావు కూతురు థానాకి వెళ్తానంటోంది కాబట్టి రానిస్తున్నా సార్," అన్నాడు. "ఒక గంట. చూసుకోండి, వెళ్ళండి. ఇందులో ఏమీ లేదు. ముసలాయన కాలు జారింది. ఖతం."

"అది నేను చూశాక చెప్తాను."

గోవిందరావు పడిన చోటు పాత పంపు గది వెనక ఉంది. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళకి అక్కడ పనే లేదు. మెట్ల పైన నిలబడే చోట చుట్టూ ఇనప కడ్డీలు నా ఛాతీ దాకా ఉన్నాయి. ఊపి చూశాను, కదల్లేదు. కాలు జారితే కూలబడే చోటు అది, కిందికి పడే చోటు కాదు.

గోవిందరావు నేస్తం సత్యారావు అక్కడే నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ఇద్దరూ విజయనగరం వైపు నుంచి ఒకే ఏడు వచ్చి, ఒకే మిల్లులో ముప్పై రెండేళ్ళు గడిపారు. ఇద్దరికీ లాకర్లు పక్కపక్కనే. గోవిందరావు లాకరుకి తాళంచెవి వేలాడుతోంది.

"తాళం వెయ్యడం మర్చిపోయాడా?"

"ఏమో బావూ. నాను వచ్చీసరికి అలగే ఉంది."

తెరిచాను. మిల్లు ఇచ్చే బరువు బూట్లు పాలిష్ చేసి, లేసులు లోపలికి దోపి ఉన్నాయి. పైన అరలో చేతి రుమాలు ముడి. విప్పితే చేతిగడియారం, కళ్ళజోడు. సైటు ఆరు పాయింట్లున్న మనిషి పనిలోకి దిగేముందు కళ్ళజోడు తీసి రుమాల్లో కట్టి దాచుకోడు. పడినప్పుడు ఆయన కాళ్ళకి ఇంటి చెప్పులున్నాయని ప్రథమ చికిత్స గదిలోని కాంపౌండరు చెప్పాడు. అక్కడి పుస్తకంలో గోవిందరావుని మోసుకొచ్చిన సమయం ఒంటిగంటా నలభై అయిదు.

తర్వాత పంచింగ్ కార్డు తీయించాను. షిఫ్టుకి వచ్చినవాడు గడియారం ఉన్న యంత్రంలో కార్డు పెడితే టక్కున సమయం పడుతుంది. గోవిందరావు కార్డు మీద నీలం సిరాతో ఒంటిగంటా నలభై ఏడు అని పడింది.

"సత్యారావూ, ఒంటిగంటా నలభై అయిదుకి స్ట్రెచర్ మీద పడుకున్నవాడు, నలభై ఏడుకి లేచొచ్చి కార్డు కొట్టి మళ్ళీ వెళ్ళి పడుకున్నాడా?"

సత్యారావు మొహం పాలిపోయింది. "నానే కొట్టినాను బావూ. తప్పైపోనాది. ఈ మిసను పెట్టినకాడి నుంచి మాకదే అలవాటు. ముందొచ్చినోడు ఇద్దరివీ కొట్టీడమే. ఆడు పడ్డాడని నాకప్పటికి తెల్దు. ఎప్పట్లాగే రెండూ కొట్టీసినాను."

"ఆ అలవాటు గోవిందరావుకి తెలుసు కదా?"

"తెలకేటి? మొదలెట్టిందే ఆడు."

అప్పుడు గోవిందరావు వేసిన లెక్క మొత్తం నాకు కనపడింది. రాగానే కార్డు కొట్టి ఉంటే అందరితో కలిసి పనిలోకి దిగాలి, చుట్టూ మనుషులుంటారు. షిఫ్టు మొదలవ్వకముందు ఆ మూల ఎవరూ ఉండరు. కార్డు సంగతి సత్యారావు చూసుకుంటాడు. కాగితం మీద మాత్రం గోవిందరావు డ్యూటీలోనే ఉంటాడు. స్నేహితుడి అలవాటుని కూడా లెక్కలో వేసుకున్న మనిషిది ఆ క్షణంలో పుట్టిన ఆవేశం కాదు.

"ఈమధ్య నీకేమైనా ఇచ్చాడా?"

"సైకిలిచ్చీసినాడు బావూ. రిటైరైపోతన్నాను, నాకెందుకురా అన్నాడు. నిజమే గదా అనుకున్నాను." సత్యారావుకి ఏదో అర్థమవుతోంది. అర్థం కాకూడదని గింజుకుంటున్నాడు. "టీ కొట్టు కాడికి రావడం మానీసినాడు. అడిగితే, ఇంక అలవాటు తప్పించుకోవాల గదరా అన్నాడు. అదీ నిజమే గదా."

నిజమే. అదే ఇక్కడ అందరి కళ్ళూ కప్పింది. ఇంట్లో భార్య అప్పయమ్మకి గ్యాసు బండ ఎలా బుక్ చెయ్యాలో నేర్పాడు. స్టూడియోకి వెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. కాగితాలన్నీ ఒక పెట్టెలో సర్దాడు. చూసినవాళ్ళంతా, పాపం రిటైరవుతున్నాడు, అన్నీ చక్కబెట్టుకుంటున్నాడు అనుకున్నారు. పది రోజులుగా నాన్న ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఉన్నాడని నీలిమ కూడా సంతోషంగానే చెప్పింది నాకు. చావాలా బతకాలా అని కొట్టుకునేవాడికి నిద్ర ఉండదు, కోపం ఉంటుంది. తేల్చేసుకున్నవాడికే ఆ నెమ్మది వస్తుంది. ఇది నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. రైలు పట్టాల పక్కన ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడి, వచ్చిన చుట్టాల్ని ఒక్కొక్కరిగా అడిగితే తెలిసింది.

పన్నెండూ ముప్పై అయిదుకి సతీష్ గదిలో కూర్చున్నాను. బల్ల మీద వాడు రాసిన రిపోర్టు ఉంది. 'విధి నిర్వహణలో కాలు జారి స్వల్ప గాయం.'

"ఇది అబద్ధం," అన్నాను. "కార్డు కొట్టింది సత్యారావు. ఆ మనిషి పని మొదలుపెట్టనే లేదు. కళ్ళజోడు తీసి దాచి, అన్నం డబ్బా అక్కర్లేదని ఇంట్లో వదిలి, చావడానికి వచ్చాడు."

సతీష్ తలుపు వేసొచ్చి గొంతు తగ్గించాడు. "నాకు తెలీదనుకున్నారా? లాకర్ నేనూ చూశా. సూసైడ్ అని రాస్తే ఏమవుతుంది? ఆయన మీదే పోలీస్ కేసు. నౌకరీ ఆఖరి రోజుల్లో బద్‌నామ్. పెళ్ళికావాల్సిన కూతురుంది. యాక్సిడెంట్ అని రాశాను కాబట్టి అందరూ బచ్ గయే. దయతోనే రాశాను సార్."

"దయా? మొన్న పడ్డాక ఆయన నిన్నేమైనా అడిగాడా?"

"ఒక్కటే అడిగాడు. 'డ్యూటీలోనే అని రాసినారా బావూ' అన్నాడు. అవునన్నాను. ఎంత సంతోషించాడో! దండం పెట్టాడు."

"ఒరే సతీష్! ఆయన సంతోషించింది కేసు తప్పినందుక్కాదు. దారి పనిచేస్తుందని నువ్వు చెప్పావు. ఈసారి పోతే కొడుక్కి ఉద్యోగం ఖాయమని సెక్యూరిటీ ఆఫీసరే సంతకం పెట్టి మరీ చెప్పాడు!"

వాడి మొహం ఎర్రబడింది. "మీరు మాత్రం తక్కువ తిన్నారా? రైల్వేలో మీ కింద పనిచేశా. పట్టాల మీద దొరికిన ప్రతివాడికీ మీరు రాయించిందేంటి? 'కడుపునొప్పి తాళలేక.' ఆరేళ్ళు అదే రాశా మీరు చెప్తే. అంతమందికి కడుపునొప్పేనా సార్?"

రైల్వే ఫారంలో 'కారణం' అని ఒక గడి ఉండేది. ఆ గడిలో ఒక్క వరుసే ఉండేది. అప్పులూ, అవమానాలూ, భార్య వెళ్ళిపోవడం, పంక్తి భోజనంలో కొడుకు అన్న మాట, ఏవీ ఆ వరుసలో పట్టేవి కావు. కడుపునొప్పి పట్టేది. నేను రాయించాను, ఫైలు మూశాను, ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

"సరే. ఇద్దరం దొంగలమే," అన్నాను. "ఇప్పుడు ఆస్పత్రికి ఫోను చెయ్యి. ముప్పయ్యో తారీకు దాటేదాకా గోవిందరావుని కదలనివ్వొద్దని, పక్కన మనిషిని పెట్టమని చెప్పు."

సతీష్ ఫోను ముట్టుకోలేదు. గోడ గడియారం వైపు చూశాడు.

"ఏంట్రా?"

"ఆయన ఆస్పత్రిలో లేడు సార్. పొద్దున్న ఎనిమిదింటికి జీపు పంపి తెప్పించాను. దెబ్బ తగిలినవాడు నలభై ఎనిమిది గంటలు పనికి రాకపోతే పైకి రిపోర్టు పంపాలి. పంపితే ఇన్‌స్పెక్షన్ వస్తుంది, గేటు మీద బోర్డు తుడవాలి. అందుకని లైట్ డ్యూటీ ఇచ్చి టూల్ రూంలో కూర్చోబెట్టా. ఎప్పుడూ అందరం చేసేదే కదా."

"ఇక్కడా? ఈ మిల్లులోనే?"

వాడు తల ఊపాడు. ఇద్దరం ఒకేసారి లేచాం. టూల్ రూంలో స్టూలు ఖాళీగా ఉంది. అన్నానికి వెళ్ళాడనుకుంటా, అన్నాడు అక్కడి మనిషి. పంపు గది వెనక చూశాం, ఎవరూ లేరు. సతీష్‌కి చెమటలు పట్టాయి. నాకూ పట్టాయి, ఒప్పుకోవడానికి సిగ్గెందుకు. క్యాంటీన్ తలుపు తోసేసరికి పన్నెండూ యాభై.

కిటికీ పక్క బల్ల దగ్గర గోవిందరావు కూర్చుని, కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటున్నాడు. ఎడమ చెయ్యి గుడ్డలో వేలాడుతోంది. ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచీ. నేను ఎదురుగా కూర్చున్నాను.

"నేను గురునాథరావుని. మీ నీలిమ పంపింది."

"తెలుసు బావూ. ఖుర్సీపార్‌ల సూత్తంటాను మిమ్మల్ని."

"మంగళవారం మీరు జారి పడలేదు."

ముద్ద చేతిలోనే ఆగింది. నా వెనక నిలబడ్డ సతీష్ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు. "ఏటి సెప్పమంటారు? ముప్పై రెండేళ్ళు ఈ మిల్లుకి సేసినాను. కొడుక్కి ఒక్క నౌకరీ ఇప్పించనేకపోనాను. బలరాం పోయి ఇప్పించినాడు. మా ఓడన్నదాన్ల తప్పేటుంది?"

"మళ్ళీ చేస్తారా?"

ఇలా మొహం మీద అడగకూడదంటారు. అడగక ఇన్నాళ్ళూ ఏం సాధించామో నాకు తెలీదు. ఆయన మాత్రం ఎవరో ఒకరు అడిగినందుకు తేలికపడ్డట్టు కనిపించాడు.

"పొద్దుట దాకా అదే అనుకున్నాను బావూ. నెలాకరు దాకా టయిముంది గదా అనుకున్నాను. ఇప్పుడు నేదు. ఒట్టు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "మా ఓడొచ్చినాడు. నన్నెతుక్కుంటూ ఆస్పత్రికెళ్ళి, ఆడ కనిపించక ఇక్కడికొచ్చినాడు. గేటు కాడికి పిలిపించి నా కాళ్ళట్టుకున్నాడు. ఎన్నేళ్ళయినాదో ఆడు నన్ను ముట్టుకుని! నీకేటీ కాకూడదు నాన్నా, నువ్వు బతకాల అన్నాడు. ఇంకేటి గావాల నాకు?"

సతీష్ గట్టిగా ఊపిరి వదిలాడు. నాకూ గుండెల మీద బరువు దిగింది. నీలిమకి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను.

"ఒళ్ళో అదేంటి?" అన్నాను.

"ఆడి సర్టిఫికెట్లు. ఐ.టి.ఐ.ది, మార్కులవి, అన్నీ. 'నీకాడ దాయి నాన్నా, నాకింకక్కర్నేదు' అన్నాడు. సేతికున్న వాచీ కూడా తీసి ఇందుల ఏసినాడు. సెల్లికిమ్మన్నాడు. ఏడుపు ఆపీసినాక ఎంత నెమ్మదిగా మాటాడినాడో బావూ. అంత నెమ్మదిగా ఆడెప్పుడూ..."

ఆయన మాట ఆగిపోయింది. ఈ క్యాంటీన్లో ఆ గుర్తులు మా అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. చేతిలో ముద్ద కంచంలో జారింది.

"ఎక్కడికెళ్తానన్నాడు?" అన్నాను.

"ఉతై ఊరికి. పన్నెండున్నర బస్సుకి. నేస్తగాడి కాడికి ఎల్లొత్తానన్నాడు." కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఉతైల ఆడికి నేస్తగాళ్ళెవుళ్ళూ నేరు బావూ!"

సతీష్ నాతో పోట్లాట మర్చిపోయి జీపు కోసం పరిగెత్తాడు. దారిలోనే గేటు మనిషికి అరిచి చెప్పాడు, ఉతై థానాకి ఫోను కొట్టి బస్సు ఆపించమని. గోవిందరావుని రావద్దన్నా వినలేదు. కట్టుకట్టిన చేత్తోనే జీపెక్కి నా పక్కన కూర్చుని, ఆ సంచీ గుండెకి అదుముకున్నాడు. జీపు గేటు దాటాక నా వైపు తిరిగాడు.

"పొద్దుట ఇంటికాడ బాగానే ఉన్నాడంట. మరి ఈలోగా ఆడినెవులేటన్నారు బావూ?"

ముప్పై ఏళ్ళుగా ఎదుటివాణ్ణి ప్రశ్నలు అడిగి బతికినవాణ్ణి. ఆ ప్రశ్నకి తప్పించుకునే జవాబులు నాకు పది తెలుసు.

"నేనే," అన్నాను.